‘అ’ కొట్టడానికి ఎన్ని చేతులు కావాలి?

రాతి పలక – మీటల పలక

మార్కాపురం పేరు చెబితే పలకలు గుర్తొస్తాయి. ఇక్కడి భూమిలో పలకరాయి ఉంది. గనిలోంచి రాయి తీస్తారు. పొరలు పొరలుగా చీలుస్తారు. కొలతకు కోస్తారు. నున్నగా చేస్తారు. ఆ పలకల మీద ఎందరో పిల్లలు ‘అ ఆ’లు దిద్దారు. పెద్దయ్యాక చదువు నేర్చిన ఆడవాళ్ళూ దిద్దారు.

రాతి పలక మీద రాయడానికి ఒక చెయ్యి చాలు. కుడిచెయ్యి ఆడకపోతే ఎడమ చేత్తో రాయవచ్చు. చేతులు రెండూ లేనివాళ్ళు కాలివేళ్ళతో బలపం పట్టి రాసిన సంగతులూ ఉన్నాయి. ‘నీకు చేతులు ఎన్ని?’ అని పలక ఎవరినీ అడగదు.

ఇప్పుడు ఇంకో పలక వచ్చింది. అది కంప్యూటర్ ముందు ఉంటుంది. దాని నిండా మీటలు. ఒక్కో మీట మీద ఒక్కో అక్షరం. మీట నొక్కితే ఎదురుగా ఉన్న తెర మీద అక్షరం పడుతుంది. దీన్ని కీబోర్డు అంటారు. ‘మీటల పలక’ అని కూడా అనుకోవచ్చు.

గ్రామ సచివాలయానికి పోతే అక్కడ మీటల పలక ఉంటుంది. మీసేవలో ఉంటుంది. బ్యాంకులో ఉంటుంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ రైలు స్టేషన్లలో టికెట్ ఇచ్చే చోట ఉంటుంది. ఈ పనులు ఎండలో నిలబడి చేసేవి కావు. బరువులు మోసేవి కావు. కూర్చుని చేసేవి. నడవలేని ఆడపిల్లకు, పొలం పనికి పోలేని మనిషికి ఇలాంటి పని దొరికితే బతుకు నిలబడుతుంది.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. రాతి పలక అడగని ప్రశ్న మీటల పలక అడుగుతుంది. ‘నీకు రెండు చేతులు ఉన్నాయా? పది వేళ్ళూ ఆడతాయా?’ అని అడుగుతుంది.

ఆ ప్రశ్న అడగకుండా దాన్ని ఆపవచ్చు. పైసా ఖర్చు లేదు. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకోవచ్చు.

చేతులు ఎందుకు ఆడవు?

చెయ్యి ఆడకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి.

కొందరికి చిన్నప్పుడు పోలియో వచ్చింది. చుక్కల మందు వేసినందువల్ల మన దేశంలో ఆ జబ్బు పోయింది. చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనిపించింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించింది. కానీ అంతకుముందు పోలియో వచ్చినవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళకు పని కావాలి.

కొందరికి పక్షవాతం వస్తుంది. ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతాయి. కొందరికి పుట్టుకతోనే చేతులు బిగుసుకుని ఉంటాయి. కొందరికి వయసు పైబడ్డాక చేతులు వణుకుతాయి. రంపం, నూర్పిడి మిషను, చెరకు గానుగ వంటి వాటిలో పడి వేళ్ళు పోయినవాళ్ళూ ఉన్నారు.

ఈ ప్రాంతంలో ఇంకో కారణం ఉంది. అది నీళ్ళు. కనిగిరి, పొదిలి, మార్కాపురం చుట్టుపక్కల చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. నేల లోపలి రాళ్ళలోంచి అది నీళ్ళలో కలుస్తుంది. లీటరు తాగునీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళ మీద గార పడుతుంది. తరువాత మెడ, వెన్ను, కీళ్ళు బిగుసుకుపోతాయి. దీన్ని ఫ్లోరోసిస్ అంటారు.

ఈ జబ్బు గురించి 1937లో డాక్టర్ షార్ట్, ఆయనతో పనిచేసిన వైద్యులు రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో జనాన్ని చూసి వాళ్ళు ఆ సంగతి లోకానికి చెప్పారు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి కబురు అదే. ఆ పల్లెలున్న ప్రాంతం 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరింది.

ఫ్లోరోసిస్ వచ్చినంత మాత్రాన చదువు రాకుండా పోదు. మెడ తిరగదు. భుజం పైకి లేవదు. చెయ్యి చాచడం కష్టం. అంతే.

చిక్కు ఎక్కడ ఉంది?

మీటల పలక మీద సుమారు నూరు మీటలు ఉంటాయి. తెలుగు అక్షరాలు, గుణింతం గుర్తులు అన్నీ కలిపితే మీటలు చాలవు. అందుకని ఒక్కో మీటకు రెండేసి అక్షరాలు ఇచ్చారు. ఊరికే నొక్కితే ఒక అక్షరం పడుతుంది. ‘షిఫ్ట్’ అనే మీటను పట్టుకుని నొక్కితే రెండో అక్షరం పడుతుంది.

తెలుగు మీటలకు ఒక పద్ధతి ఉంది. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలన్నిటికీ కలిపి ఈ పద్ధతిని తెచ్చింది. ఇందులో ‘క’కు, ‘ఖ’కు మీట ఒక్కటే. ఊరికే నొక్కితే ‘క’. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ‘ఖ’. ‘గ’, ‘ఘ’ కూడా అంతే. ‘త’, ‘థ’ కూడా అంతే.

అచ్చుల సంగతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దీర్ఘం గుర్తుకు ఒక్క మీట చాలు. కానీ ‘ఆ’ కావాలంటే అదే మీటను షిఫ్ట్‌తో కలిపి నొక్కాలి. ‘అ’ నుంచి ‘ఔ’ దాకా ప్రతి అచ్చుకూ షిఫ్ట్ కావాలి.

అంటే ఏమైంది? పలక మీద మొట్టమొదట నేర్చుకునే అక్షరం ‘అ’. మీటల పలక మీద ఆ ‘అ’ కొట్టడానికే రెండు మీటలు ఒక్కసారిగా నొక్కాలి.

‘అమ్మ’ అన్న మాట చూడండి. షిఫ్ట్ పట్టుకుని ‘అ’. తరువాత ‘మ’. తరువాత పొల్లు. తరువాత మళ్ళీ ‘మ’. మొదటి అక్షరం దాటితే మిగతాదంతా సులువు. చెయ్యి ఆడని పిల్ల ఆ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది.

ఊళ్ళ పేర్లు చూద్దాం. ‘మార్కాపురం’ అని కొట్టడానికి షిఫ్ట్ అక్కర్లేదు. ‘గిద్దలూరు’కు కూడా అక్కర్లేదు. ఒక్క వేలితో ఒక్కో మీట నొక్కుకుంటూ పోవచ్చు. ‘కంభం’లో ‘భ’ ఉంది. దానికి షిఫ్ట్ కావాలి. ‘ఒంగోలు’లో ‘ఒ’ ఉంది. దానికీ కావాలి. ‘సంతకం’ అన్న మాటకు షిఫ్ట్ వద్దు. ‘అక్షరం’ అన్న మాటకు రెండు సార్లు కావాలి.

ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు రాసే పద్ధతులూ ఉన్నాయి. వాటిలోనూ కొన్ని అక్షరాలకు షిఫ్ట్ తప్పదు.

మేడం, మా పిల్లకు వస్తుందా?

ఒక తల్లి ఉందనుకుందాం. ఆమె పలకల పనికి పోతుంది. కూతురు ఇంటర్ చదివింది. ఆ పిల్లకు ఎడమ చెయ్యి ఆడదు. కుడిచేతి వేళ్ళు రెండే సరిగా వంగుతాయి. తల్లి కూతుర్ని తీసుకుని బస్సెక్కి కంప్యూటర్ నేర్పే చోటికి వచ్చింది. అక్కడ నేర్పే మేడంతో మాట్లాడింది. ఆ మాటలు ఇలా ఉంటాయి.

తల్లి: మేడం, మా పిల్ల చదువులో చురుకే. చెయ్యే ఆడదు. దీనికి ఈ పని వస్తుందంటారా?

మేడం: రాకేం అక్కా? కూర్చోనివ్వండి. ఏమ్మా, నీ పేరు కొట్టు చూద్దాం.

కూతురు: నా పేరులో మొదటి అక్షరమే ‘అ’ మేడం. షిఫ్ట్ పట్టుకుంటే ఇంకో మీట అందడం లేదు.

తల్లి: చూశారా మేడం! నేను ముందే అనుకున్నా. దాని రాత అంతే.

మేడం: రాత కాదక్కా. ఈ మీటల్ని రెండు చేతులవాళ్ళకు సరిపోయేట్టు పెట్టారు. ఒక్క చేతికి సరిపోయేట్టు మారుద్దాం. అమ్మాయ్, షిఫ్ట్ ఒక్కటే అయిదుసార్లు నొక్కు.

కూతురు: ఏందో అడుగుతా ఉంది మేడం.

మేడం: ‘ఎస్’ అను. ఇప్పుడు షిఫ్ట్ నొక్కి వదిలెయ్. వదిలేశావా? ఇప్పుడు ‘అ’ మీట నొక్కు.

కూతురు: వచ్చిందమ్మా! ‘అ’ వచ్చింది!

తల్లి: పట్టుకోకుండానే వచ్చిందా? ఇది కొత్త మిషనా మేడం? ఎంత అవుతుంది?

మేడం: కొత్తది కాదక్కా. ఈ కంప్యూటర్‌లో ముందు నుంచీ ఉన్నదే. అడిగినవాళ్ళు లేరు. అందుకే వాడలేదు.

తల్లి ‘రాత’ అన్నది. మేడం కాదన్నది. ఎవరి మాట నిజం? పిల్ల చెయ్యి మారలేదు. మిషను పద్ధతి మారింది. పని జరిగింది.

1. గుర్తు పెట్టుకునే మీట

మేడం చూపించిన సౌకర్యం పేరు స్టిక్కీ కీస్. అంటే ‘అంటుకునే మీటలు’. షిఫ్ట్ నొక్కి వదిలేసినా కంప్యూటర్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. తరువాత నొక్కే మీటతో కలుపుతుంది.

విండోస్ ఉన్న కంప్యూటర్‌లో ఇలా చెయ్యాలి.

షిఫ్ట్ మీటను అయిదుసార్లు వరసగా నొక్కాలి. తెర మీద చిన్న పెట్టె వస్తుంది. ‘స్టిక్కీ కీస్ కావాలా?’ అని ఇంగ్లీషులో అడుగుతుంది. ‘ఎస్’ అన్నది ఎంచుకోవాలి. అంతే.

ఆ తరువాత షిఫ్ట్ ఒకసారి నొక్కితే తరువాతి ఒక్క అక్షరానికే పనిచేస్తుంది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే తాళం పడినట్టు నిలిచిపోతుంది. మూడోసారి నొక్కితే తాళం తీసినట్టు వదిలేస్తుంది. కంట్రోల్, ఆల్ట్ అనే మీటలకు కూడా ఇదే పద్ధతి.

ఒక జాగ్రత్త ఉంది. కొన్ని కంప్యూటర్లలో ఎవరైనా రెండు మీటలు కలిపి నొక్కితే ఈ సౌకర్యం ఆగిపోతుంది. అప్పుడు కంగారు పడనక్కర్లేదు. మళ్ళీ అయిదుసార్లు షిఫ్ట్ నొక్కితే సరి.

ఇంకో సంగతి. ఈ పెట్టె అనుకోకుండా వస్తే చాలామంది విసుక్కుంటారు. అది రాకుండా చేసేస్తారు. అలాంటి కంప్యూటర్‌లో అయిదుసార్లు నొక్కినా ఏమీ కాదు. అప్పుడు సెట్టింగ్స్ తెరవాలి. అందులో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. కొంచెం పాత వాటిలో ఈజ్ ఆఫ్ యాక్సెస్ అని ఉంటుంది. అందులో కీబోర్డు అన్న చోట ఈ సౌకర్యాలన్నీ కనిపిస్తాయి.

2. వణికే చేతికి ఓపికగల మీట

చెయ్యి వణికేవాళ్ళకు వేరే కష్టం. ‘క’ ఒక్కటి కొట్టబోతే ‘కకకక’ అని పడుతుంది. వేలు జారి పక్క మీట మీద పడుతుంది. వద్దన్న అక్షరం వస్తుంది. చెరుపుకోవడానికే పొద్దు పోతుంది.

వీళ్ళ కోసం ఫిల్టర్ కీస్ ఉంది. ఫిల్టర్ అంటే వడపోత. పిండిని జల్లెడ పడితే నలక పైన ఆగిపోతుంది. అలాగే కంప్యూటర్ తప్పు నొక్కుళ్ళను వడపోస్తుంది. పొరపాటున తగిలి వదిలేసిన మీటను లెక్కలోకి తీసుకోదు. కాసేపు నొక్కి ఉంచిన మీటనే తీసుకుంటుంది. ఒకే మీట వణుకు వల్ల రెండుసార్లు పడితే ఒకసారే తీసుకునేట్టు కూడా పెట్టుకోవచ్చు.

కుడిపక్క ఉన్న షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఇది మొదలవుతుంది. ఎంతసేపు నొక్కాలి అన్నది సెట్టింగ్స్‌లో ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు మార్చుకోవచ్చు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ సౌకర్యం పెట్టిన కంప్యూటర్‌లో గబగబా కొడితే అక్షరాలు పడవు. మిషను చెడిపోయిందని అనుకోకూడదు.

3. మౌసు పట్టలేనివాళ్ళకు

కంప్యూటర్ పక్కన మౌసు ఉంటుంది. దాన్ని బల్ల మీద జరిపితే తెర మీద బాణం కదులుతుంది. భుజం ఆడనివాళ్ళకు, వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళకు దాన్ని పట్టి జరపడం కష్టం.

మీటల పలక కుడిపక్కన అంకెల మీటలు ఉంటాయి. మౌస్ కీస్ అనే సౌకర్యం పెడితే ఆ అంకెలే మౌసు పని చేస్తాయి.

8 నొక్కితే బాణం పైకి పోతుంది.
2 నొక్కితే కిందికి వస్తుంది.
4 నొక్కితే ఎడమకు పోతుంది.
6 నొక్కితే కుడికి పోతుంది.
నడుమ ఉన్న 5 నొక్కితే మౌసు నొక్కినట్టే.

ఒక్క వేలు ఆడితే చాలు. బాణం తెర అంతా తిరుగుతుంది. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే ఇది మొదలవుతుంది. మూడు కలిపి నొక్కలేనివాళ్ళు సెట్టింగ్స్‌లో పెట్టించుకోవచ్చు. కొన్ని చిన్న కంప్యూటర్లలో అంకెల మీటలు విడిగా ఉండవు. కొనేముందు చూసుకోవాలి.

4. తెర మీద మీటలు

మీటలు అసలే నొక్కలేనివాళ్ళకు తెర మీదే మీటల పలక బొమ్మ వస్తుంది. మౌసుతో గానీ, వేలితో గానీ ఆ బొమ్మ మీద నొక్కితే అక్షరం పడుతుంది.

ఫోనులో కూడా ఇలాంటి సౌకర్యాలు ఉన్నాయి. వేలు ఎంతసేపు ఆనిస్తే నొక్కినట్టు లెక్క అన్నది మార్చుకోవచ్చు. మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే ఫోనే రాసిపెడుతుంది. ఒక్కోసారి తప్పులు రాస్తుంది. చదువు వచ్చినవాళ్ళు ఆ తప్పు పట్టుకోగలరు. చదువు నేర్చినందుకు ఇది ఒక లాభం.

ఇవి ఎలా వచ్చాయి?

అక్షరాలు కొట్టే యంత్రం కథ చాలా పాతది. సుమారు 1808లో ఇటలీ దేశంలో పెల్లెగ్రినో టుర్రి అనే ఆయన ఒక రాత యంత్రం చేశాడు. కళ్ళు కనిపించని కరోలినా ఫాంటోని అనే ఆమె ఉత్తరాలు రాసుకోవడానికి దాన్ని చేశాడు. ఆ యంత్రం ఇప్పుడు లేదు. దాని మీద ఆమె కొట్టిన ఉత్తరాలు మిగిలాయి. లోకంలో తొలి టైపు యంత్రాల్లో ఒకటి కళ్ళు లేని ఒక స్త్రీ కోసం పుట్టిందన్నమాట.

తరువాత టైపు మిషన్లు ఆఫీసుల్లోకి వచ్చాయి. 1878లో రెమింగ్టన్ కంపెనీ మిషను మీద షిఫ్ట్ మీట వచ్చింది. ఒక మీటతో రెండు అక్షరాలు కొట్టడం అప్పుడు మొదలైంది. రెండు చేతులూ బాగున్న మనిషినే మనసులో పెట్టుకుని మిషను చేశారు.

1981లో ఐబీఎం కంపెనీ తన చిన్న కంప్యూటర్ తెచ్చింది. దాన్ని మళ్ళీ మొదలుపెట్టాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అనే మూడు మీటలు ఒక్కసారిగా నొక్కాలి. ఎవరూ పొరపాటున నొక్కకూడదని, ఒక్క చేతికి అందకుండా కావాలనే అలా పెట్టారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. కానీ ఒంటిచేతి మనిషి గురించి అప్పుడు ఆలోచించలేదు.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ గ్రెగ్ వాండర్‌హైడెన్ అనే ఆయన 1971లో వికలాంగుల కోసం పని మొదలుపెట్టాడు. ఆయన నడిపిన ట్రేస్ కేంద్రంలో ఒంటిచేతివాళ్ళకు, చేతులు వణికేవాళ్ళకు పనికొచ్చే పద్ధతులు తయారు చేశారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ 1995లో విండోస్ 95 తెచ్చినప్పుడు వాటిని అందులోనే కలిపేసింది. అప్పటి నుంచి ఇవి విడిగా కొనాల్సిన పని లేకుండా పోయింది.

అంటే 1995 నుంచీ ఈ సౌకర్యం ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఉంది. తాళం చెవి చేతిలోనే ఉంది. తలుపు ఉందని తెలియక బయటే నిలబడినవాళ్ళు ఎందరో!

ఇంట్లో చేసుకునేవి

కంప్యూటర్ లోపలి సౌకర్యాలతో పాటు బయట కూడా కొన్ని సర్దుకోవాలి.

బల్ల ఎత్తు చూడాలి. భుజం లేవనివాళ్ళకు బల్ల కిందికి ఉండాలి. మోచెయ్యి బల్ల మీద ఆనాలి.

మెడ వంగనివాళ్ళకు తెర కళ్ళకు ఎదురుగా ఉండాలి. కింద నాలుగు పుస్తకాలు పెట్టినా చాలు.

మీటల పలక జారకుండా కింద తడిగుడ్డ కాకుండా రబ్బరు ముక్క వెయ్యాలి. తడి తగిలితే మిషను చెడుతుంది.

వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళు పెన్సిలును తలకిందులుగా పట్టుకుని, రబ్బరు ఉన్న కొసతో మీటలు నొక్కవచ్చు. పట్టు లేకపోతే పెన్సిలును అరచేతికి మెత్తటి గుడ్డతో కట్టుకోవచ్చు. బిగించి కట్టకూడదు.

వేలు పక్క మీటల మీద పడకుండా, మీట మీటకూ చిల్లి ఉన్న పలచటి పలకను పైన అమరుస్తారు. దీన్ని కీగార్డ్ అంటారు.

గంటల తరబడి ఒకే తీరున కూర్చోకూడదు. నడుమ నడుమ చెయ్యి దించి సేదదీరాలి. నొప్పి వస్తే ఆపాలి.

చట్టం ఏమంటుంది?

వికలాంగుల కోసం 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. అది 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. పాత చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది. కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నవాళ్ళకు ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించాలని చెప్పింది.

ఈ చట్టంలో ‘తగిన సౌకర్యం’ అన్న మాట ఉంది. వికలాంగులు మిగతావాళ్ళతో సమానంగా చదవడానికి, పని చెయ్యడానికి అవసరమైన మార్పులు చేసి ఇవ్వాలి. చదువు చెప్పే చోట, ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ సౌకర్యం ఇవ్వాలి. స్టిక్కీ కీస్ పెట్టి ఇవ్వడం కూడా అలాంటి సౌకర్యమే. అది దయ కాదు. హక్కు.

పరీక్షల సంగతి కూడా తెలుసుకోవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం రాత పరీక్షలకు మార్గదర్శకాలు ఇచ్చింది. చెయ్యి ఆడనివాళ్ళు సహాయకుణ్ణి పెట్టుకుని రాయించుకోవచ్చు. గంట పరీక్షకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు ఉన్న ఒకరు కోర్టుకు వెళ్ళారు. ఆయనకు వైకల్యం 40 శాతం లేదు. అయినా రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని కోర్టు తీర్పు ఇచ్చింది.

ఇవన్నీ అందాలంటే సర్టిఫికెట్ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని సదరం సర్టిఫికెట్ అంటారు. దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు కూడా ఉంది. దాన్ని యూడీఐడీ కార్డు అంటారు. గ్రామ సచివాలయంలో గానీ, మీసేవలో గానీ అడిగితే వివరం చెబుతారు.

2024 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేసింది. పింఛను ఆసరా. కానీ సొంత పని, సొంత సంపాదన ఇచ్చే ధైర్యం వేరు. పింఛను వస్తోంది కదా అని పిల్ల చదువు ఆపకూడదు.

అమ్మలు చెయ్యగలిగినవి

ఆడపిల్ల అంటేనే చదువు ఎందుకనే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఆడపిల్లకు చెయ్యి ఆడకపోతే ఇక చెప్పేదేముంది? ‘ఇంట్లో కూర్చోనీ, బువ్వ పెడతాం’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ అమ్మానాన్నలు ఎల్లకాలం ఉండరు. ఆ తరువాత ఆ పిల్ల ఎవరి ముఖం చూడాలి?

అందుకే తల్లులు అడగడం నేర్చుకోవాలి. కంప్యూటర్ నేర్పే చోట ‘ఒంటిచేతి పిల్లకు నేర్పుతారా?’ అని అడిగితే ‘కష్టం’ అని పంపవచ్చు. అలా అడగకూడదు. ‘స్టిక్కీ కీస్ పెట్టి నేర్పండి’ అని అడగాలి. పేరు పెట్టి అడిగితే కాదనడం కష్టం. నేర్పేవాళ్ళకు తెలియకపోతే ఈ పాఠం చూపించవచ్చు.

పిల్ల మెల్లగా కొడుతుంది. కొట్టనివ్వాలి. మొదట రోజుకు నాలుగు మాటలు పడతాయి. నెల గడిస్తే నాలుగు వరసలు పడతాయి. పలక మీద ‘అ’ దిద్దడానికి మీకు ఎన్ని రోజులు పట్టిందో గుర్తుందా? ఇదీ అంతే.

గుర్తుంచుకోండి

● షిఫ్ట్ అయిదుసార్లు నొక్కితే – ఒక్క వేలితో కొట్టవచ్చు.
● కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి ఉంచితే – చేతి వణుకును వడపోస్తుంది.
● మౌస్ కీస్ పెడితే – అంకెల మీటలే మౌసు పని చేస్తాయి.
● ఇవన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు.
● తగిన సౌకర్యం అడగడం హక్కు.

కొత్త మాటలు

కీబోర్డు – అక్షరాల మీటలున్న పలక
షిఫ్ట్ – మీటలోని రెండో అక్షరాన్ని తెచ్చే మీట
మౌసు – తెర మీద బాణాన్ని కదిపే వస్తువు
సెట్టింగ్స్ – మిషను పద్ధతిని మార్చుకునే చోటు
యాక్సెసిబిలిటీ – అందరికీ అందేట్టు చెయ్యడం
వైకల్యం – శరీరంలో ఒక భాగం సరిగా పనిచెయ్యకపోవడం

చేసి చూడండి

అచ్చులన్నిటికీ షిఫ్ట్ కావాలి. ఖ, ఘ, థ, ధ, భ వంటి ఒత్తి పలికే అక్షరాలకూ కావాలి. ణ, శ, ష, ళ – వీటికీ కావాలి. కింది మాటల్లో షిఫ్ట్ కావలసిన అక్షరం కింద గీత గీయండి.

పలక, ఆవు, చెరువు, ఇల్లు, ధనం, చదువు

(జవాబు: ఆవులో ‘ఆ’, ఇల్లులో ‘ఇ’, ధనంలో ‘ధ’. పలక, చెరువు, చదువు – ఈ మూడింటికీ షిఫ్ట్ అక్కర్లేదు.)

మీ పేరు రాయండి. అందులో షిఫ్ట్ ఎన్నిసార్లు కావాలో లెక్క పెట్టండి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో చెయ్యి ఆడని పిల్లలు ఎవరైనా బడి మానేశారా? ఎందుకు మానేశారు?
2. ‘దాని రాత అంతే’ అని తల్లి అన్నది. ఆ మాట సరైనదేనా?
3. మీ పొదుపు సంఘం మీటింగులో ఈ సౌకర్యాల గురించి చెప్పండి. సచివాలయంలో గానీ, బడిలో గానీ ఉన్న కంప్యూటర్ మీద షిఫ్ట్ అయిదుసార్లు నొక్కి చూపించమని అడగండి.